పందిరి దీపానికి తగ్గించే మీటే ముఖ్యం

రాయ్‌పూర్ నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో బార్నవాపారా అభయారణ్యం ఉంది. 245 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో చిరుతలు, ఎలుగుబంట్లు, అడవిదున్నలు తిరుగుతాయి. విశాఖపట్నం, రాయ్‌పూర్ మధ్య తలపెట్టిన 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి ఇలాంటి అడవులను తెలుగు యాత్రికులకు మరింత దగ్గర చేస్తుంది. వంటిల్లు, పడక అన్నీ బండిలోనే ఉండే కారవాన్లలో వచ్చేవారూ పెరుగుతారు. బండి ఆగగానే వాళ్లు చేసే మొదటి పని పక్కకు ఆనింగ్ పరచడం, అంటే బట్ట పందిరి వేయడం. రెండోది దాని అంచున ఎల్‌ఈడీ పట్టీ వెలిగించడం.

ఆ పట్టీ ఎంత ప్రకాశంగా వెలుగుతుందో చూసే కొంటున్నారు. ఎంత తగ్గుతుందో చూసి కొనాలి. దుకాణంలో ‘అడ్జస్టబుల్’ అని అమ్మేది చాలాసార్లు రంగులు మార్చే రిమోటే. అడవి పక్కన దిగే బండికి కావలసింది వెలుగును బాగా తగ్గించే డిమ్మర్.

ముందు బ్యాటరీ లెక్క చూద్దాం. మీటరుకు 14.4 వాట్ల పట్టీ 5 మీటర్లు పెడితే 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవడం మంచిది కాబట్టి ఈ దీపం ఒక్కటే 8 గంటల్లో ఆ వాటాను ఖాళీ చేస్తుంది. అదే పట్టీని ఐదో వంతుకు తగ్గిస్తే దాదాపు 40 గంటలు వస్తుంది. అలా తగ్గించినా పందిరి కింద చీకటి కమ్ముకోదు. వెలుగు తగ్గినంతగా అది తగ్గినట్టు కంటికి అనిపించదు. మన చూపు అంకగణితం ప్రకారం నడవదు మరి.

ఏ డిమ్మరైనా సరిపోదు. ఎల్‌ఈడీ డిమ్మర్లలో ఎక్కువ భాగం కరెంటును సెకనుకు ఎన్నోసార్లు ఆపి వదులుతూ వెలుగు తగ్గిస్తాయి. ఆ వేగం తక్కువైతే దీపం వణుకుతుంది. కంటికి కనిపించకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది. పూర్తిగా ఆరి వెలిగే దీపానికి 1,250 హెర్ట్జ్ దాటితే ముప్పు తక్కువని, 3,000 హెర్ట్జ్ దాటితే ప్రభావం ఉండదని 2015 నాటి ఐఈఈఈ సిఫార్సు చెబుతోంది. డిమ్మర్ పెట్టెపై ఈ సంఖ్య లేకపోతే అడగాలి.

వోల్టేజితోనూ జాగ్రత్త అవసరం. సాధారణ 12 వోల్టుల పట్టీలో మూడేసి ఎల్‌ఈడీలు, వాటికి వరుసగా ఒక రెసిస్టర్ ఉంటాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు లైన్‌లో 14.4 వోల్టులు రావచ్చు. వోల్టేజి పెరిగింది 20 శాతమే అయినా కరెంటు ఒకటిన్నర రెట్లు దాటవచ్చు. మే నెల రాయ్‌పూర్ ఎండకు ఇది తోడైతే పట్టీ ఆయుష్షు తరిగిపోతుంది. కాబట్టి వోల్టేజిని స్థిరంగా ఉంచే చిన్న రెగ్యులేటర్ పెట్టాలి. పట్టీని అల్యూమినియం పట్టాలో బిగిస్తే వేడి బయటకు పోతుంది. వానలో వాడేదానికి ఐపీ65 రక్షణైనా ఉండాలి.

ఇక్కడి వరకూ నష్టం బండి యజమానిదే. అసలు నష్టం పందిరి బయట జరుగుతుంది. తొలకరి వాన పడిన సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుకోవడం తెలుగువాళ్లందరికీ తెలిసిందే. 2024 జనవరిలో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన ఒక పరిశోధన ఇలాంటి ప్రవర్తనకు మంచి వివరణ ఇచ్చింది. రాత్రిపూట నేల కంటే ఆకాశమే వెలుతురుగా ఉంటుంది. ఎగిరే కీటకాలు వీపును వెలుగు వైపు తిప్పుకుని పైదేదో కిందిదేదో తెలుసుకుంటాయి. పక్కన కృత్రిమ దీపం ఉంటే వీపు దాని వైపు తిరుగుతుంది, దారి తప్పి అక్కడే చక్కర్లు కొడతాయి.

తెల్ల ఎల్‌ఈడీలో దాదాపు 450 నానోమీటర్ల నీలి వెలుగే మూలం, దానిపై పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. చాలా కీటకాలను ఎక్కువగా లాగేది నీలి, అతినీలలోహిత కాంతే. ఆకాశం వైపు పోయే నీలి వెలుగు గాలిలో ఎర్రదాని కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది, చుక్కలను మసకబారుస్తుంది. అందుకే 6,500 కెల్విన్ల చల్లని తెలుపు బదులు 2,700 కెల్విన్ల వెచ్చని పసుపు, వీలైతే అంబర్ రంగు ఎంచుకోవాలి. పట్టీ కాంతి పక్కలకు చిమ్మకుండా కిందికే పడేలా బిగించాలి.

‘పాములు, తేళ్లు తిరిగే చోట వెలుతురు తగ్గించమంటారా?’ అన్నది న్యాయమైన ప్రశ్నే. మెట్టు దగ్గర వెలుతురు ఉండాల్సిందే. కానీ కళ్లు మిరుమిట్లు గొలిపే దీపం భద్రత ఇవ్వదు. వెలుతురు హద్దు దాటిన చోట ఏమీ కనిపించకుండా చేస్తుంది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటును ఒక్క తెల్ల దీపం క్షణాల్లో చెరిపేస్తుంది. కాళ్ల దగ్గర తక్కువ పసుపు వెలుగు, కదిలేటప్పుడు చేతిలో టార్చి ఉంటే ఎక్కువ మేలు.

2024 జనవరిలో పెంచ్ పులుల అభయారణ్యం దేశంలో తొలి డార్క్ స్కై పార్కుగా గుర్తింపు పొందింది. చీకటి కూడా కాపాడుకోవలసిన సంపదేనని ఆ గుర్తింపు చెబుతోంది. ఛత్తీస్‌గఢ్ అడవుల దగ్గరి విడిదులు కూడా ఒక చిన్న నియమం పెట్టుకోవచ్చు: రాత్రి పదికి పందిరి దీపాలు ఆపాలి, అంతవరకూ వెచ్చని రంగు, కిందికే వెలుగు. బండ్లు తయారుచేసేవారు డిమ్మర్‌ను అదనపు హంగుగా అమ్మడం మాని, దీపంతోపాటే బిగించి ఇవ్వాలి. అందుకయ్యే ఖర్చు కారవాన్ ధరలో లెక్కకు రాదు. అడవికి మిగిలేది మాత్రం ఒక పూర్తి రాత్రి.