చెవి ఆడించే ఆట

క్రికెట్టును కన్నులపండువగా భావించడం లోకానికి అలవాటు. అంధుల క్రికెట్టులో కంటి బాధ్యతను చెవి స్వీకరిస్తుంది. 1922లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో కొందరు అంధ కార్మికులు రేకు డబ్బాలో రాళ్లు వేసి, ఆ చప్పుడును అనుసరించి ఆడిన ఆటే దీనికి మూలం. నేడు ఆ డబ్బా స్థానంలో గట్టి ప్లాస్టిక్ బంతి వచ్చింది. దానిలోని లోహపు గుళ్లు గలగలమంటాయి.

బంతి వేసేవాడు ముందుగా "రెడీ?" అని అడగాలి. బ్యాటు పట్టినవాడు "యెస్" అన్న తరువాతనే "ప్లే" అంటూ చేతిని కిందినుంచి ఊపి బంతిని వదలాలి. బంతి నేలను తాకుతూ రావాలి. ఆటగాడు వంగి, బ్యాటును నేలబారుగా అడ్డంగా తిప్పి దానిని అందుకొంటాడు. ఆ క్షణంలో ప్రేక్షకులు నోరు మెదపరాదు. ఇతర మైదానాలలో ఆటగాణ్ణి ఉత్సాహపరిచే కేక ఇక్కడ బంతిని అతనికి దక్కకుండా చేస్తుంది.

పదకొండుమందిలో కనీసం నలుగురు చూపు బొత్తిగా లేనివారై ఉండాలి. వారు తీసిన ప్రతి పరుగునూ రెండుగా లెక్కిస్తారు. దీనిని జాలితో ఇచ్చిన రాయితీగా తలచేవారున్నారు. అది పొరపాటు. ఈ నియమాలే లేకుంటే కొంత చూపు ఉన్నవారితోనే జట్టు నిండిపోయేది. అంధుల కోసం పుట్టిన ఆటలో అంధులకే చోటు దక్కకపోయేది.

భారత పురుషుల జట్టు 2012, 2017, 2022 సంవత్సరాలలో ఇరవై ఓవర్ల ప్రపంచకప్పును గెలుచుకొంది. చివరి రెండు విజయాలకు నాయకత్వం వహించిన అజయ్ కుమార్ రెడ్డి తెలుగువాడు. 2023 సంవత్సరానికి అర్జున పురస్కారం ఆయనను వరించింది. 2025 నవంబరులో కొలంబోలో మన మహిళలు నేపాల్‌ను ఓడించి, తొలి మహిళా ప్రపంచకప్పును అందుకొన్నారు.

ఇంతటి విజయాలను గురించి చెప్పేటప్పుడు సైతం "చూపు లేకపోయినా" అన్న మాట ముందు నిలుస్తుంది. ఎవరు ఎన్ని పరుగులు తీశారో, ఏ ఎత్తుతో ప్రత్యర్థిని కట్టడి చేశారో అడిగేవారు అరుదు. ఆ "అయినా"లో అభినందన కంటె ఆశ్చర్యమే ఎక్కువ. ఆశ్చర్యానికి ఆయువు తక్కువ. శాలువా కప్పిన మరునాటికే అది చల్లారిపోతుంది. పైగా పారాలింపిక్సులో క్రికెట్టు లేదు. ఆ పతకాల వెంట వచ్చే ఆదరణ ఈ ఆటగాళ్ల దాకా రావడం కష్టమే. ఏడాది పొడవునా సాధనకు మైదానం, ప్రయాణపు ఖర్చు, ఆట ముగిసిన తరువాత బ్రతకడానికి ఒక ఉద్యోగం — వీరు కోరదగినవి ఇవే. దేశానికి కప్పు తెచ్చినవారి విషయంలో ఇవి గొంతెమ్మ కోరికలు కావు.

ఇక పాఠశాలల సంగతి. చూపున్న పిల్లలతో కలిసి చదివే అంధ బాలికను ఆటల పీరియడులో చెట్టునీడన కూర్చోబెట్టి, తోటివారి చెప్పులకు కాపలా ఉంచితే అది ఆమె క్షేమం కోసమే అనిపించవచ్చు. కాని ఆమెకు కావలసినది గలగలలాడే ఒక బంతి, దానిని ఆమె వైపు దొర్లించే ఒక స్నేహితురాలు, అంతసేపూ మాటలాపి నిలబడగల తరగతి.