బ్రౌను బంగళా యేమైనది?

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పేరు విని చేతులు జోడింపని తెలుగువాడు అరుదు. నవంబరు 10వ తేదీ వచ్చినచో ఆతని జన్మదినమని సభలు జరుగుచున్నవి. పటములకు పూలదండలు పడుచున్నవి. వేమనను వెలికి దెచ్చిన మహనీయుడని ఉపన్యాసములు సాగుచున్నవి. ఇందులో మాకు ఆక్షేపణ లేదు. కాని ఆ సభలో నెవరైన లేచి, "అయ్యా, ఆ దొర కడపలో కాపురమున్న బంగళా ఏది?" అని యడిగినచో అధ్యక్షులవారు గడియారము చూచుకొనవలసినదే. ఆ బంగళా లేదు. ఎందువలన లేదో, ఇక ముందు మఱియే యిల్లు లేకుండ బోనున్నదో విచారించుటకే యీ వ్యాసము.

బ్రౌను 1820లో కలెక్టరునకు సహాయోద్యోగిగా కడపకు వచ్చెను. ఆ యూరనే విశాలమైన తోటతో గూడిన బంగళా నొకదానిని కొని, దానిని పండితులకు పనిచోటుగా నొసగెను. తాళపత్ర గ్రంథములు తెప్పించుట, పది ప్రతులను దగ్గఱ పెట్టుకొని పాఠములు పోల్చుట, లేఖకులచే శుద్ధప్రతులు వ్రాయించుట - ఇదియే అచ్చటి నిత్యకృత్యము. జూలూరి అప్పయ్యశాస్త్రివంటి ఉద్దండులు ఆ దొర కొలువున పనిచేసిరి. కడపలోని వ్యవహారమంతయు అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు చూచుకొనిరి. జనులు దానిని బ్రౌను కాలేజీ యనిరి. 1829లో వేమన పద్యములు అచ్చయ్యెను. 1852లో నిఘంటువు వెలువడెను. విక్టోరియా రాణి గద్దె నెక్కకమునుపే దొర కొన్న యిల్లది. రాణి కాలమున లోకమునకు వచ్చిన పుస్తకములకు పునాది పడిన యిల్లది. దొర సీమకు మరలి 1884లో లండనులో కన్ను మూసెను. ఇంటికి మాత్రము దిక్కు లేకపోయెను. వంద సంవత్సరములు గడచుసరికి ఎఱ్ఱముక్కపల్లెలో మిగిలినవి మొండిగోడలు.

ఆ మొండిగోడలను చూచి కంట తడిపెట్టి యూరకుండక, 1980ల దశకమున జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు నడుము కట్టిరి. ఇంటింటికి దిరిగి విరాళములు కూర్చి, ఆ స్థలముననే బ్రౌను పేర గ్రంథాలయమును నిలిపిరి. అది నేడు యోగివేమన విశ్వవిద్యాలయము క్రింద భాషా పరిశోధన కేంద్రముగా నున్నది. ఒక ఉపాధ్యాయుడు చేసిన యీ పనికి తెలుగుజాతి యావత్తు ఋణపడియున్నది. మా అధిక్షేపణ వారి మీద గాదు. వారు వచ్చుసరికే యిల్లు చచ్చినది. వారు చేసినది ఉత్తరక్రియ. వైద్యము చేయవలసిన నాడు ఎవ్వరును రాలేదు.

మేము న్యాయస్థానములలో నిత్యము చూచు సంగతి యొకటి చెప్పెదము. మూలపత్రము పోయినచో నకలును దాఖలు చేయవచ్చును. మూలము పోయినదని ఋజువు చేసిన పిమ్మట కోర్టువారు దానిని చేకొందురు. కాని నకలు నకలే. ఏ గది ఎంత వెడల్పో, పండితులు కూర్చున్న వసారాకు వెలుతురు ఏ దిక్కునుండి వచ్చెడిదో, క్రొత్త కట్టడమును చూచి యెవడును చెప్పలేడు.

ఇక్కడ మన దేశభక్తులలో కొందఱు అడ్డు తగులుదురని యెఱుగుదుము. "పరపాలకుల కొంపలను కాచుటకా మనము స్వరాజ్యము తెచ్చుకొన్నది?" అందురు. వీరిని మేము పరిహసింపము. 1800లో నైజామువారు మన సీమను దత్తము చేసినప్పుడు మన నెవ్వరును అడుగలేదు. విక్టోరియా గద్దె నెక్కిన రెండేండ్లకే, 1839లో, కర్నూలు నవాబును కూలద్రోసి ఆ రాజ్యమును కుంఫిణీవారు కైవసము చేసికొనిరి. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీసి, ఆతని తలను చిరకాలము కోట గుమ్మమున వ్రేలాడదీసిరి. 1876 మొదలు 1878 వఱకు పట్టిన ధాతకఱవులో మా కర్నూలు సీమ యెంతగా నెండినదో పెద్దలు చెప్పగా విన్నదే. ఇవన్నియు మఱచిపొమ్మని మేము చెప్పుట లేదు. మఱవకుండుటకే ఇండ్లు నిలువవలెనని చెప్పుచున్నాము.

హైదరాబాదులో కోఠి రెసిడెన్సీని చూడుడు. 1803 ప్రాంతమున కర్క్‌పాట్రిక్కు కాలమున లేచిన సౌధమది. పరపాలనకు అంతకు మించిన గుఱుతు దక్కనులో లేదు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను తమ మూకలతో ముట్టడించినది దానినే. ఆ రెసిడెన్సీ కూలిపోయియుండినచో, ఆ వీరులు ఎంతటి గోడకు ఎదురు నిలిచిరో పిల్లలకు ఏమి చూపి చెప్పుదుము? అందు ఆడుపిల్లల కళాశాల నడచినది. పిమ్మట శిథిలమగుచుండగా, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండువారి తోడ్పాటుతో ఏండ్ల తరబడి బాగుచేసి 2023లో మరల తలుపులు తెఱచిరి. కావున పని అసాధ్యమను మాట చెల్లదు.

అదియునుగాక, ఆ బంగళాలు ఎవరివి? రాయి మనది, సున్నము మనది, చెమట మన మేస్త్రులది. బ్రౌను దొర జీతము మన రైతు కట్టిన శిస్తులోనిది. పండితుల జీతము ఆ జీతములోనిది. కడప బంగళా మన సొమ్ముతో మన పండితులు మన పుస్తకములను బ్రతికించిన యిల్లు. దానిని పరాయిదని వదలుట మన సొత్తును మనమే కాదనుట!

కూలనిచ్చుట యొక పాపము. బాగుచేయుదుమని చంపుట రెండవది. ఈ రెండవ పాపము మన యూళ్లలో నిత్యము జరుగుచున్నది. పాత కచేరికో, పాత బంగళాకో నిధులు మంజూరగును. కంట్రాక్టరు వచ్చును. పాత గచ్చును చెక్కివేసి, సిమెంటు మెత్తి, రంగు పూసి, బిల్లు చేసికొని పోవును. పదేండ్లు తిరుగకముందే గోడ పొట్టు లేచును. కారణము స్పష్టము. పాత గోడ నేల తేమను పీల్చి, సున్నపు పూత గుండ వెలికి వదలును. పైన సిమెంటు పూసినచో ఆ తేమ లోపలనే చిక్కుకొనును; ఉప్పు పేరుకొని ఇటుకను పొడిపొడిగా రాల్చును. పైపూత నిలిచినట్లే యుండును, లోపలి గోడ పిండియగును. పాత యింటికి గానుగ సున్నమే మందు. రాతిని బట్టీలో కాల్చి, నీట నానవేసి, ఇసుకతో గానుగ త్రిప్పి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి మన తాతలు చేసిన దినుసది.

ఇందులోని చోద్యమును డోన్ వారు గుర్తింపవలెను. మన చుట్టు సున్నపురాయి గుట్టలు గుట్టలుగా నున్నది. బేతంచెర్ల నాపరాళ్లు దేశదేశములకు పోవుచున్నవి. మన రాయి కర్మాగారమునకు బోయి, సిమెంటు బస్తాయై తిరిగివచ్చి, మన పాత గోడలనే తినుచున్నది! గానుగ సున్నము కలుపుట యెఱిగిన మేస్త్రులు వృద్ధులైపోవుచున్నారు. వారి చేతిపనిని కుఱ్ఱవారికి నేర్పింపనిచో, రేపు నిధులున్నను పనివాడు దొరకడు.

చట్టము లేదందురా? 1904 నాటి చట్టము కర్జను దొర చేసినది. 1958లో మన పార్లమెంటు, 1960లో మన రాష్ట్రము తమ చట్టములు చేసికొన్నవి. రాజ్యాంగము 49వ అధికరణమున ప్రభుత్వమునకు, 51ఎ అధికరణమున పౌరునకు బాధ్యత విధించినది. ఎవరైన కోర్టునకు బోయినచో చట్టము పనిచేయునని 2019లో తేలినది. ఫఖ్రుల్‌ముల్కు నవాబు 1870 ప్రాంతమున కట్టించిన ఎఱ్ఱమంజిలును పడగొట్టి శాసనసభను కట్టుదుమని నాటి తెలంగాణ ప్రభుత్వము పూనుకొనగా, ఆ సంవత్సరము సెప్టెంబరు 16న హైకోర్టువారు ఆ నిర్ణయమును కొట్టివేసిరి. పౌరులు నోరు విప్పిరి గనుక భవనము నిలిచినది. కడప బంగళా కూలుచున్నప్పుడు నోరు విప్పినవారు లేరు.

కావున డోన్, పత్తికొండ, కోవెలకుంట్ల ప్రాంతములలో నూఱేండ్లు దాటిన కచేరీలు, బంగళాలు, రైల్వే గృహములు, షాహుకార్ల మిద్దెలు ఎన్ని నిలిచియున్నవో ముందు లెక్క తేలవలెను. దొరలవే గాదు, మనవారివి మొదట వ్రాయుడు. దీనికి సర్కారు ఉత్తరువు కొఱకు కాచుకొనియుండ నక్కఱలేదు. ఒక నోటుపుస్తకము, ఒక కొలతటేపు, ఊరిలో మిగిలిన యొక ముసలి మేస్త్రి చాలును. ఈ పఠనమందిరపు బల్ల మీదనే మొదటి జాబితా తయారు కావచ్చును. పురపాలక సంఘమునకును పురావస్తు శాఖకును అర్జీలు వ్రాయుటకు, రిజిస్ట్రేషను కచేరిలో పాత దస్తావేజులు వెదకుటకు మావంటి వకీళ్లు రుసుము కోరక వచ్చెదరు. వానలకు ముందే మొదలిడుడు. తడిసిన మిద్దెలు వేసవి వఱకు ఆగవు.