కత్తి ఎవరి చేతికి?

కొన్ని తమిళ జాతీయవాద వేదికల మీద మనలను 'వందేరులు' అని దూషించినప్పుడు, తరతరాలుగా హోసూరు నేలను దున్నుకొంటున్న కుటుంబాలకు రక్తం మరగడం సహజం. అయితే, అటువంటి పార్టీలను నిషేధించాలని కోరడం మనకే చేటు.

కమ్యూనిస్టు పార్టీకి సాయపడుతున్నదన్న ఆరోపణతో 1950లో మదరాసు ప్రభుత్వం పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అనే సంఘాన్ని చట్టవిరుద్ధమని ప్రకటించింది. దాని కార్యదర్శి వి.జి.రో న్యాయస్థానానికెక్కారు. ఆధారాలను న్యాయవిచారణకు పెట్టకుండా, కేవలం ప్రభుత్వ అభిప్రాయంతో సంఘాన్ని నిషేధించడం చెల్లదని 1952లో సుప్రీంకోర్టు తేల్చింది. పెద్ద పార్టీలకు న్యాయవాదులుంటారు. మన ఊరి తెలుగు సంఘానికి ఎవరున్నారు?

మరో దారి ఈ చెన్నపట్నమే చూపింది. ద్రావిడనాడును కోరిన డి.ఎం.కె.ను నిషేధించలేదు. 1963లో 16వ రాజ్యాంగ సవరణ, దేశ సమగ్రతను కాపాడతామన్న ప్రమాణాన్ని అభ్యర్థులందరికీ తప్పనిసరి చేసింది. ఆ ఏడే అన్నాదురై పార్టీ వేర్పాటు కోర్కెను విడిచింది. 1967లో ఓట్లతోనే అధికారానికి వచ్చింది.

చెయ్యెత్తినవారిని, హింసకు ఉసిగొల్పినవారిని చట్టం శిక్షించి తీరాలి, అందుకు పట్టుబడదాం. దూషణకు మాటతో, ఓటుతో బదులిద్దాం. మన సంఘాలకు కోరుకొనే స్వేచ్ఛను ఎదుటివారికి కాదనలేం.