అక్కకి ఏ క్లాసు?

స్కూలు ప్రేమకథల సీరీస్‌లు మన హాస్టల్లో అందరం చూస్తాం. వాటిలో ఓ అక్క తప్పక ఉంటుంది. తమ్ముడి ఉత్తరం నాన్న కంట పడకుండా దాస్తుంది, ఫీజు సర్దుతుంది. ఆమె మాకూ ఇష్టమే. కానీ తను ఏ క్లాసులో బడి మానిందో ఎవరూ చెప్పరు.

1976లో బాలచందర్ గారు 'అంతులేని కథ'లో అలాంటి అక్కనే కథానాయికను చేశారు. జయప్రద వేసిన సరిత ఉద్యోగం చేసి ఇల్లంతా మోస్తుంది. చివరికి తనకు కుదిరిన వరుణ్ణి కూడా చెల్లెలికే ఇచ్చేస్తుంది. అందరూ ఆమె త్యాగాన్ని మెచ్చుకుంటారు. మాకైతే కోపమొచ్చింది.

మా భద్రాచలం అడవి అంచున సరితకు ఆఫీసు లేదు. మిరప ఏరడానికి ఖమ్మం వైపు కూలికి పోతుంది. ఎండాకాలం తెల్లారకముందే తునికాకుకు పోతుంది, 50 ఆకులకో కట్ట. మాలో చాలామంది ట్రంకుపెట్టెలు ఆ కట్టల్లోంచి వచ్చినవే. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది. మా అక్క ఏడుతో ఆగింది. లెక్కల్లో మాకంటే చురుకు, కల్లంలో కట్టల లెక్క తప్పితే పట్టుకునేది ఆమే.

మొన్న సెలవులకు ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫారం తీసుకుపోయాం. "ఇప్పుడెందుకురా" అంటూనే పేరు తన చేత్తో రాసింది. ఈ ఫీజు మేం కడతాం.