అబ్బాయికి ఫీజు కట్టేస్తే సరిపోతుందా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లలో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. 'ఈసారీ అమ్మాయిలదే పైచేయి!' చదివి మురిసిపోతాం. మురిసిపోమా మరి! ఆడపిల్లకు చదువెందుకన్న రోజుల నుంచి ఇంతదూరం వచ్చాం. కానీ ఆ మాటకు రెండోవైపు కూడా ఉంది. అదే ఇంట్లో, అదే అమ్మ చేతి అన్నం తిని పెరిగిన అబ్బాయి ఎందుకు వెనకబడుతున్నాడు? ఆ సంగతి ఎవరూ మాట్లాడరేం?

తెలంగాణలో 2024 ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షల్లో అమ్మాయిలు 68.35 శాతం పాసయ్యారు. అబ్బాయిలు 51.5 శాతమే. రెండో సంవత్సరంలో అమ్మాయిలు 72.53 శాతం, అబ్బాయిలు 56.1 శాతం. అంటే నూటికి పదహారు, పదిహేడు మంది తేడా! మొదటి ఏడాది పరీక్ష రాసిన అబ్బాయిల్లో దాదాపు సగం మంది గట్టెక్కలేదన్నమాట.

"మగపిల్లలంతేనండీ, కుదురుండదు. పుట్టుకతో వచ్చిన గుణం" అని తేల్చేస్తాం. నిజంగా పుట్టుకతోనే వచ్చిందా? లెక్కలు ఆ మాట చెప్పడం లేదు.

పదిలో లేని తేడా...

2023లో తెలంగాణ పదో తరగతి ఫలితాలు చూడండి. అమ్మాయిలు 88.53 శాతం, అబ్బాయిలు 84.68 శాతం. తేడా నాలుగు కూడా లేదు. చాలామట్టుకు ఆ పిల్లలే కదా మరుసటి ఏడు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్ష రాసింది! ఒక్క ఏడాదిలో నాలుగు లోపున్న తేడా పదిహేడుకు చేరింది. పుట్టుకతో వచ్చే గుణం పదహారో ఏట ఉన్నట్టుండి ఊడిపడుతుందా?

ఇంకోటి. పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో అదే 2024లో మొదటి సంవత్సరం అమ్మాయిలు 71 శాతం, అబ్బాయిలు 64 శాతం పాసయ్యారు. రెండో సంవత్సరంలో 81, 75. అక్కడా అమ్మాయిలే ముందు. కానీ తేడా ఆరూ ఏడే. మొన్నమొన్నటిదాకా ఒకే బోర్డు కింద చదివిన పిల్లల మధ్య ఇంత తేడా ఉందంటే, అది మగపిల్లల బుర్రలో ఉన్న లోపం కాదు. మనం నడుపుతున్న తీరులో ఉంది. మన వల్ల వచ్చింది మన వల్లే పోతుంది కూడా.

ఆ ఒక్క ఏడాదిలో ఏమవుతోంది?

బడిలో ఉన్నంతకాలం పిల్లాడు రాకపోతే టీచరమ్మ అడిగేది. హోంవర్కు చూసేది. కాలేజీలో చేరగానే ఆ చెయ్యి వదిలేసినట్టవుతుంది. చిన్న బడిలో చదివినవాడు వందలమంది మధ్య పడతాడు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాడికి ఫిజిక్సు పుస్తకం ఒక్కసారిగా ఇంగ్లిషులో ఎదురవుతుంది. అర్థం కాలేదని లేచి అడగడానికి సిగ్గు. మొదటి నెలలో అర్థం కానిది మూడో నెలకు కొండవుతుంది. అక్కడి నుంచి క్లాసు ఎగ్గొట్టడం మొదలు.

ఇదే ఇబ్బంది అమ్మాయికీ ఉంది కదా అంటారా? ఉంది. కానీ అమ్మాయి కాలేజీ నుంచి ఇంటికొస్తుంది. అర్థమైనా కాకపోయినా పుస్తకం ముందు కూర్చుంటుంది. అబ్బాయికి ఇల్లు తిని పడుకునే చోటు. సాయంత్రం తార్నాక మెట్రో స్టేషను కింద, హబ్సిగూడ సందుల్లో చూడండి. బండి మీద ఇద్దరు, పక్కన నిలబడి ముగ్గురు, అందరి చేతుల్లోనూ ఫోన్లు. యూనివర్సిటీని ఆనుకుని ఉన్న బస్తీల్లో అయితే ఇంటి గడవని కుర్రాళ్లు చిన్నా చితకా పనులకు పోతారు. ఆ డబ్బు ఇంటికి అక్కరకొస్తుంది. కాబట్టి కాలేజీ పోతోందని ఎవరూ గట్టిగా అడగలేరు.

ఇది మన ఒక్కరి కథే కాదు. చాలా దేశాల్లో పదిహేనేళ్ల పిల్లల్ని పరీక్షించి చూసిన ఓఈసీడీ సంస్థ 2015లో ఒక సంగతి చెప్పింది. అబ్బాయిలు హోంవర్కు మీద పెట్టే సమయం అమ్మాయిలకంటే వారానికి గంట తక్కువట. గంటే కదా అనుకోకండి. ఏడాది పొడుగునా కూడితే తెలుస్తుంది.

డబ్బు వాడిమీద, కాపలా ఆమె మీద

ఇక్కడ మనల్ని మనమే ఒక ప్రశ్న వేసుకోవాలి. అమ్మాయి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే వాకిట్లో నిలబడతాం. అబ్బాయి రాత్రి తొమ్మిదింటికి వచ్చినా "వాడికేంలే, మగపిల్లాడు" అంటాం. కానీ ఫీజుల దగ్గరికొచ్చేసరికి తిరగబడుతుంది. పేరున్న కాలేజీ, లక్షల కోచింగు, హాస్టలు అబ్బాయికి. దగ్గర్లో ఉన్న కాలేజీ అమ్మాయికి.

ఫలితం ఏమైంది? ఇంటర్లో ముందున్న అమ్మాయి ఐఐటీ దగ్గరికొచ్చేసరికి కనబడదు. అక్కడ అమ్మాయిలు మరీ తక్కువున్నారని 2018 నుంచి వాళ్లకోసం ప్రత్యేకంగా అదనపు సీట్లు పెట్టాల్సి వచ్చింది. 2020 నాటికి ఐదో వంతుకు చేర్చాలన్నది లక్ష్యం. అంటే డబ్బు ఆమెకు అందలేదు, శ్రద్ధ అతనికి అందలేదు. ఇద్దరికీ అన్యాయమే!

మరో మాట కూడా ఇళ్లల్లో వినిపిస్తోంది. "ఎంసెట్‌లో ర్యాంకొస్తే చాలు, ఇంటర్ మార్కులు ఎవడడుగుతాడు?" అని. తెలంగాణలో ఆ పరీక్ష ర్యాంకులో ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీని 2023లో తీసేసిన మాట నిజమే. కానీ ఇంటర్ తప్పితే ఏ ర్యాంకూ అక్కరకు రాదు కదా!

ఈ లెక్కంతా చివరికి ఎక్కడ తేలుతుందో తెలుసుకోవాలంటే ఉస్మానియా క్యాంపస్‌కి వెళ్లాలి. రాష్ట్రంలో పీజీ ప్రవేశ పరీక్ష నిర్వహించేది ఈ యూనివర్సిటీయే. ఆ పరీక్షకు వస్తున్నవాళ్లలో, సీట్లు తీసుకుంటున్నవాళ్లలో అమ్మాయిలే ఎక్కువ. 1918లో పుట్టిన యూనివర్సిటీకి ఇది ఎంత గర్వమో! కానీ అదే క్యాంపస్‌లో చెట్లకింద, లైబ్రరీ దగ్గర ఏళ్ల తరబడి ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న కుర్రాళ్లు కూడా కనిపిస్తారు. వాళ్లు కనీసం అక్కడిదాకా వచ్చారు. ఇంటర్లోనే జారిపోయినవాళ్లు ఆ చెట్టు నీడకూ చేరరు.

ఒత్తిడి మందు కాదు

సరే, ఇకనుంచి వాడి వెంటపడతాం అంటారా? ఆగండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి ఎంత గోల జరిగిందో మరచిపోలేదు కదా! ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులు తగ్గిన పిల్లాడికి కావలసింది తిట్లు కాదు. "మీ అక్కను చూడు" అనే పోలిక అంతకన్నా కాదు. ఫలితాల రోజున వాడిని ఒంటరిగా వదలకండి. తప్పిన సబ్జెక్టు ఆ వేసవిలోనే సప్లిమెంటరీలో రాసుకోవచ్చు, ఏడాది పోదు. ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి. మాట్లాడటం మానేసినా, తిండి మానేసినా 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలీమానస్, ప్రభుత్వ ఉచిత సేవ. ఎప్పుడైనా పలుకుతారు.

మనం చెయ్యగలిగినవి

కాలేజీకి నెలకొకసారి వెళ్లి హాజరు శాతం అడగండి. బోర్డు నియమం ప్రకారం 75 శాతం ఉండాలి. ఫీజు కట్టిన రోజున తప్ప మళ్లీ ఆ గడప తొక్కని తల్లిదండ్రులే ఎక్కువ. మీరు వస్తారని తెలిస్తే వాడూ వెళతాడు, వాళ్లూ పట్టించుకుంటారు.

మొదటి మూడు నెలలు వదలకండి. ఏ సబ్జెక్టు అర్థం కావడం లేదో అప్పుడే బయటపడుతుంది. మనకు ఫిజిక్సు రానక్కర్లేదు. "ఏం బిడ్డా, ఇయ్యాల క్లాసులో ఏం చెప్పిన్రు?" అని అడిగి, చెప్పేదాకా వింటే చాలు. చెప్పలేకపోయాడంటే ఎక్కడ ఆగాడో తెలిసిపోతుంది.

రాత్రి ఫోను హాల్లో ఉండాలి. వాడిదొక్కటే కాదు, నాన్నదీ, మనదీ కూడా. ఇంటి పనిలో వాడికీ వాటా ఇవ్వండి. బియ్యం కడిగినంత మాత్రాన చదువు పాడవదు. అమ్మాయికి ఓ గంట మిగులుతుంది.

ఇంట్లో తీరేవి కొన్నే. పేదింటి పిల్లాడికి పొద్దున తినకుండా క్లాసులో కూర్చోవడమే కష్టం. కేంద్రం మధ్యాహ్న భోజన పథకం ఎనిమిదో తరగతితోనే ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. అన్నం కోసమైనా పిల్లాడు కాలేజీలో నిలుస్తాడు. ఆలోచన పాతదే. 1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు. అక్కడికి వచ్చింది పల్లెటూళ్ల మగపిల్లలే. వాళ్లకు దొరికింది వేళకు తిండి, వేళకు చదువు, అడిగితే చెప్పే పంతులు. అంతకుమించి మంత్రమేమీ లేదు.

ఆ మూడూ ఇంట్లో కొంత, కాలేజీలో కొంత దొరకాలి. వచ్చే జూన్‌లో మీ అబ్బాయి ఇంటర్లో చేరబోతుంటే ఫీజు రసీదుతో పాటు లెక్చరర్ ఫోన్ నంబరు కూడా తెచ్చుకోండి. ఫీజు ఒక్కసారి కడతాం. ఆ ఫోను మాత్రం రెండేళ్లూ చేస్తూనే ఉండాలి.