బీరువా తాళాలు తీయండి

కేసముద్రం మార్కెట్‌కు పసుపు బస్తాలకొద్దీ వస్తుంది. ఆ ఊరి బడి గ్రంథాలయంలో పుస్తకాల పక్కన గుప్పెడు పసుపు ఎందుకుండకూడదు? తెల్లకాగితానికి తడి పసుపు పూసి ఆరబెట్టండి. దానిమీద సబ్బునీటి చుక్క పడితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపురంగే. "ఎందుకట్లయింది సార్?" అని అడిగిన పిల్ల, జవాబు కోసం తనంతట తానే పుస్తకం తీస్తుంది.

కాన్పూర్ ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా 1970లలో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో చేరి, అగ్గిపుల్లలనూ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలనూ పిల్లల చేతికిచ్చారు. వాటితో చతురస్రం చేసి నొక్కితే పక్కకు వాలిపోతుంది. త్రిభుజం ఎంత నొక్కినా వాలదు. రైలు వంతెన ఇనుప దూలాల్లో అన్ని త్రిభుజాలెందుకో అప్పుడు వేళ్లకే తెలుస్తుంది. కేసముద్రం పిల్లలకు రైలు రోజూ కనిపించేదే! ఆయన పుస్తకాలను సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ తెలుగులో అందిస్తోంది.

హనుమకొండలో 1904లోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. గ్రంథాలయాలను ప్రేమించడం ఓరుగల్లు సీమకు కొత్తకాదు. కానీ ఇవాళ చాలా బడుల్లో పుస్తకాలూ, భూతద్దాలూ తాళం వెనకే ఉంటున్నాయి. పగిలిపోతాయన్న భయం ఉపాధ్యాయులది. పగిలితే పగలనివ్వండి, ముట్టుకోని భూతద్దం కన్నా అదే మేలు.

పాఠకులకో విన్నపం: మీ ఇంట్లో ఆగిపోయిన గడియారం, పాత అయస్కాంతం, దిక్సూచి ఉంటే మీ ఊరి బడి గ్రంథాలయానికి ఇవ్వండి.