బోరు ఊళ్లో, రూలు రాజధానిలో
బావుల నిబంధనలు రాసేవారు ఆ నీళ్లు తాగేవారిని అడగడమెప్పుడు?

2022 జూన్ 10న ఛత్తీస్‌గఢ్‌లోని జాంజ్‌గీర్-చాంపా జిల్లా పిహరీద్ గ్రామంలో 11 ఏళ్ల బాలుడు ఇంటి పెరట్లోని బోరు గుంతలో పడిపోయాడు. సైన్యం వచ్చింది. జాతీయ విపత్తు సహాయ దళం వచ్చింది. పక్కనే గొయ్యి తవ్వి, అడ్డొచ్చిన బండను తొలిచి, 100 గంటలకు పైగా శ్రమించాక 14వ తేదీ రాత్రి ఆ పిల్లవాణ్ని ప్రాణాలతో పైకి తెచ్చారు. దేశం ఊపిరి పీల్చుకుంది. ఒక ప్రశ్న మాత్రం ఆ పెరట్లోనే మిగిలిపోయింది. ఆ గుంతకు మూత ఎందుకు లేదు?

రూలు లేక కాదు. 2010లోనే సుప్రీంకోర్టు స్పష్టమైన ఆదేశాలిచ్చింది. బోరు వేసే ముందు యజమాని 15 రోజుల ముందుగా అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. రిగ్గు నమోదై ఉండాలి. కేసింగ్ పైపు చుట్టూ నేల మీద 30 సెంటీమీటర్లు, నేల లోపల 30 సెంటీమీటర్లు ఉండేలా సిమెంటు దిమ్మె కట్టాలి. పైపుకు గట్టి మూత బిగించాలి. నీరు పడని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. గ్రామాల్లో ఇవన్నీ జరుగుతున్నాయో లేదో సర్పంచి, వ్యవసాయ శాఖ సిబ్బంది చూడాలి. అంతా పకడ్బందీగానే ఉంది. పూడ్చడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న సంగతే ఎవరికీ తట్టినట్టు లేదు. అప్పు చేసి బోరు వేయించిన రైతు అది ఫెయిలైతే ముందుగా చేసే పని కేసింగ్ పైపును పైకి లాగి మరో బోరుకు దాచుకోవడం. పైపు పోయాక మిగిలేది నోరు తెరిచిన గుంతే. ఈ ముక్క ఏ పల్లెలో అడిగినా ఎవరైనా చెబుతారు. అడగాలి, అంతే.

పిహరీద్ ఘటన జరిగిన ఏడాదే ఛత్తీస్‌గఢ్ శాసనసభ భూగర్భ జలాల నిర్వహణ, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. నీరు రాష్ట్రాల జాబితాలోని అంశం. అయితే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం నీడలో, నేల ఎవరిదైతే దాని కింద నీరూ వారిదేనన్న భావన ఇప్పటికీ బలంగా ఉంది. దాన్ని అదుపు చేయడానికి కేంద్రం 1970లో నమూనా బిల్లు పంపింది. ఛత్తీస్‌గఢ్ చట్టం ఆ బాటలోదే. అయితే చట్టం అస్థిపంజరం వంటిది. దానికి కండ పట్టించేవి నిబంధనలు, ఉత్తర్వులు. అవి తయారయ్యేది నయా రాయపూర్ సచివాలయంలో. 2018లో అటల్ నగర్‌గా పేరు మారి, ఇప్పుడు నవా రాయపూర్ అటల్ నగర్‌గా పిలుస్తున్న ఈ కొత్త రాజధానిలో సచివాలయం పేరు మహానది భవన్. శాఖాధిపతుల కార్యాలయాలున్నది ఇంద్రావతి భవన్. నగరానికి నీళ్లొచ్చేది మహానది నుంచే. బోరు నీళ్లు తాగేవాళ్ల సంగతి నది నీళ్లు తాగేవాళ్లు తేల్చాలన్నమాట.

వాళ్లు తేల్చాల్సింది చిన్న విషయమేమీ కాదు. రాజ్‌నంద్‌గావ్ జిల్లాలో అప్పుడు భాగంగా ఉన్న అంబాగఢ్ చౌకీ ప్రాంతంలోని కౌడీకసా వంటి ఊళ్ల నీళ్లలో ఆర్సెనిక్ ఉందని 1999లోనే శాస్త్రవేత్తలు వెల్లడించారు. అది అక్కడి రాళ్ల నుంచి ఊరేది. లీటరు తాగునీటిలో 0.01 మిల్లీగ్రాములకు మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. గరియాబంద్ జిల్లా సుపేబేడాలో కిడ్నీ జబ్బుతో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. నీళ్లే కారణమా, మరేదైనా ఉందా అన్న వాదన తెగలేదు. ఉద్దానం గోడు తెలిసిన తెలుగువారికి ఈ అనిశ్చితి కొత్త కాదు. ఇక రాయపూర్ చుట్టుపక్కల ఉన్నది సున్నపురాయి. దాని పగుళ్లలో, బోలు సందుల్లో నీరు పెద్దగా వడపోత లేకుండానే పరుగులు తీస్తుంది. అక్కడ కేసింగ్ సరిగా దించకపోయినా, దాని చుట్టూ ఖాళీని మూయకపోయినా పైనున్న మురుగు నేరుగా బోరులోకి దిగుతుంది. అంటే బావి కట్టే తీరే నీటి నాణ్యతను తేలుస్తుంది.

మరి ప్రజల మాట వినే దారి ఉందా? ఉంది, ఇరుకుగా. ముందుగా ముసాయిదా ప్రచురించాకే నిబంధనలు చేయాలని మాతృచట్టం చెబితే, వచ్చిన అభ్యంతరాలను పరిశీలించి తీరాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం అంటుంది. ముసాయిదా చట్టాలను 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014లో కేంద్రం తన శాఖలకు చెప్పింది. కానీ గెజిట్‌లో అచ్చేసిన హిందీ ప్రకటన హల్బీ, గోండీ మాట్లాడే ఊళ్లకు చేరేదెలా? అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో బావి నిర్మాణ నిబంధన మార్చాలంటే ముసాయిదా ప్రకటించి గడువివ్వాలి. అక్కడ బోరు వేసేవారికి లైసెన్సు ఉండాలి. ఎంత లోతుకు వెళ్లారో, ఏ రాయి తగిలిందో రాసి దాఖలు చేయాలి.

ఈ పాఠం కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో వాల్టా చట్టం తెచ్చింది. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా మరో బావి వద్దంది. రిగ్గులు నమోదు చేయాలంది. రిగ్గులేమో తిరుచెంగోడు నుంచి బయల్దేరి రాష్ట్రాల సరిహద్దులు దాటుతూ తిరుగుతూనే ఉన్నాయి. అదే దశకంలో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో ఏడు కరవు జిల్లాల్లో రైతులే వాననూ, బావుల నీటిమట్టాన్నీ కొలిచారు. ఊరంతా కూర్చుని నీటి లెక్క కట్టుకుని ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. జరిమానా భయంతో చేసిన పని కాదది. లెక్క తమదే కాబట్టి నమ్మారు.

నయా రాయపూర్ చేయాల్సింది బ్రహ్మవిద్యేమీ కాదు. ముసాయిదాను గ్రామసభలో వారి భాషలో చదివి వినిపించాలి. ఫెయిలైన బోరు పూడ్చే ఖర్చును తవ్వకం బిల్లులోనే కలపాలి. బోరు వివరాలు, నీటి పరీక్ష ఫలితం పంచాయతీకి అందాకే రిగ్గు ఊరు దాటాలి. జల్ జీవన్ మిషన్ కింద నీటి పరీక్షలో శిక్షణ పొందిన గ్రామ మహిళలను ముందుగా సంప్రదించాలి. ఏ బోరింగు నీళ్లకు పళ్లు పాడవుతున్నాయో, ఏ పెరట్లో గుంత తెరిచి ఉందో వారికి తెలిసినంతగా ఏ ఫైలుకూ తెలియదు.

వినడానికి పట్టేది మహా అయితే నెల రోజులు. పిహరీద్‌లో ఒక్క మూత లేకపోవడం వల్ల ఆ పిల్లవాడు నాలుగు రాత్రులు భూమిలోనే గడపాల్సి వచ్చింది.